పెండ్లి ఫోటో కథ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో పెండ్లికి పట్టుచీర ఎంత ముఖ్యమో, నేడు ఫోటో కూడా అంత ముఖ్యమైనది. ధర్మవరం మగ్గం మీద చీర తయారు కావడానికి రోజులు పడుతుంది. ఫోటో సెకనులో నూరవ వంతులో తయారవుతుంది. కాని ఆ నూరవ వంతును సాధించడానికి శాస్త్రజ్ఞులకు ఎన్నో ఏండ్ల కృషి అవసరమైనది. ఏ కాలపు విజ్ఞానం ఎంతవరకు అనుమతించినదో, ఆ కాలపు పెండ్లి అంతవరకే ఫోటోలో నిలిచినది. ఈ చరిత్ర తెలిస్తే పాత ఫోటోలలోని వింతలు బోధపడతాయి. పెండ్లి చేసుకోబోయే జంట తమ ఫోటోల విషయంలో ఏమి చేయవలెనో కూడా తెలుస్తుంది.

చిత్రకారుని నుండి కెమెరాకు

ఫోటోలు లేని రోజులలో పెండ్లిని నిలిపినవాడు చిత్రకారుడు. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి వీరభద్రాలయంలో, 16వ శతాబ్దంలో వేసిన కప్పు చిత్రాలలో పార్వతీ కల్యాణం ఉన్నది. ఆనాటి చీరల అంచులు, గళ్లు, పూవులు అందులో నేటికీ చూడవచ్చును. అయితే చిత్రకారుడు తాను చూచినదానితోపాటు ఊహించినదీ చిత్రిస్తాడు. ఎదుట ఉన్న వస్తువు నుండి వచ్చిన వెలుగే స్వయంగా బొమ్మ గీయడం 19వ శతాబ్దంలో గాని సాధ్యం కాలేదు.

1839లో ఫ్రాన్సులో డాగేర్ పద్ధతిని లోకానికి ప్రకటించారు. వెలుగు సోకితే వెండి లవణాలు మార్పు చెందుతాయి. ఈ ధర్మమే దానికి ఆధారం. మార్పు చెందని లవణాన్ని తొలగించకపోతే బొమ్మ క్రమంగా నల్లబడిపోతుంది. దానిని కరిగించే 'హైపో' ఉపయోగాన్ని తెలిపినవాడు ఇంగ్లండుకు చెందిన జాన్ హెర్షెల్. 1856 నాటికే మద్రాసులో ఒక ఫోటోగ్రాఫిక్ సంఘం వెలసినది. అంటే ఈ విద్య దక్షిణ దేశానికి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

కదలని వధూవరులు

1851లో ఆర్చర్ కనిపెట్టిన తడి పలక పద్ధతిలో చిక్కులు చాలా ఉండేవి. గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరకముందే ఫోటో తీసి, వెంటనే చీకటి గదిలో కడగవలెను. ఎండ తీవ్రంగా ఉండే ప్రాంతాలలో పలక మరింత త్వరగా ఆరిపోతుంది. పైగా బొమ్మ పడడానికి కొన్ని సెకనులు పట్టేది. అంతసేపు కూర్చున్నవారు కదలకూడదు. తల కదలకుండా వెనుక ఇనుప ఆధారం అమర్చేవారు. తలంబ్రాలు పోసుకునే చేతులను అటువంటి కెమెరా పట్టుకోలేదు. కాబట్టి కుర్చీలలో బిగుసుకొని కూర్చున్న దంపతుల ఫోటోలే వాడుకలోకి వచ్చినవి. పాత ఫోటోలలో చిరునవ్వు కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం.

1871లో మాడక్స్ అనే ఆంగ్ల వైద్యుడు జిలాటిన్ పూసిన పొడి పలకను ప్రకటించాడు. ఇతరులు దానిని మెరుగుపరచిన తరువాత వెలుగు సోకవలసిన కాలం సెకనులో చిన్న భాగానికి తగ్గినది. ఫోటోగ్రాఫరు చీకటి గదిని వెంట మోయవలసిన అవసరం తీరినది. ఆ కాలంలో హైదరాబాదు నిజాం ఆస్థానంలో రాజా దీన్ దయాళ్ (1844–1905) ప్రసిద్ధుడైనాడు. ఘోషా పాటించే స్త్రీలు పరపురుషుని కెమెరా ముందు కూర్చోలేరని గ్రహించి, ఆయన 1892లో స్త్రీలకోసం ప్రత్యేకమైన జెనానా స్టూడియో ప్రారంభించాడు. దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. రసాయనం తొలగించలేని అడ్డంకిని ఏర్పాటు తొలగించినది.

కుంకుమ నల్లనైన కారణం

పాత ఫోటోలలో వధువు నుదుటి కుంకుమ నల్లగాను, నీలిరంగు చీర తెల్లగాను కనిపించడం కద్దు. సహజంగా వెండి బ్రోమైడు నీలం, ఊదా కాంతులనే గ్రహిస్తుంది. పసుపు, ఎరుపు కాంతులు దానికి చీకటితో సమానం. 1873లో బెర్లినులో వోగెల్, రంజక ద్రవ్యాన్ని కలిపితే పలక ఆకుపచ్చ, పసుపు కాంతులను కూడా గ్రహిస్తుందని కనుగొన్నాడు. ఎరుపును సైతం గ్రహించే పలకలు 20వ శతాబ్దారంభంలో అమ్మకానికి వచ్చినవి. విద్యార్థులు ముదురు నీలిరంగు పారదర్శక కాగితం గుండా కుంకుమను చూస్తే, అది దాదాపు నల్లగా కనిపించి ఈ సూత్రం సులభంగా బోధపడుతుంది.

రాత్రి ముహూర్తాలకు మరొక సాధనం కావలసివచ్చినది. 1887లో వచ్చిన మెగ్నీషియం పొడి భగ్గుమని వెలిగి, గదినంతా పొగతో నింపేది. 1930 ప్రాంతంలో ఫ్లాష్ బల్బు వచ్చి ఆ బాధ తప్పించినది.

పన్నెండు నుండి వేలకు

120 రకపు ఫిల్ము చుట్టలో చదరపు బొమ్మలైతే 12 వచ్చేవి. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో 36 వచ్చేవి. అందువల్ల జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, బంధువుల గుంపు అని ముందుగానే లెక్క వేసుకోవలసివచ్చేది. ఊటీలోని హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారం 1967లో ఉత్పత్తి ప్రారంభించి, 'ఇందు' పేరుతో స్వదేశీ సరకును అందించినది. తరువాత అది మూతపడినది.

1969లో బాయిల్, స్మిత్ కనిపెట్టిన సి.సి.డి. వెలుగును విద్యుత్తుగా మార్చి బొమ్మగా నమోదు చేయడానికి దారి చూపినది. వారికి 2009లో నోబెల్ బహుమతి లభించినది. నేడు ఒక్క పెండ్లిలో వేల ఫోటోలు తీయవచ్చును. పూర్వపు సమస్య కొరత. నేటి సమస్య సమృద్ధి.

జంట చేయవలసిన పని

కాబట్టి ఏది ముఖ్యమో ఎంచుకునే బాధ్యత ఇప్పుడు వధూవరులది. తప్పక కావలసిన ఘట్టాలను, తాతయ్య, నానమ్మ, మేనమామ వంటి పెద్దల పేర్లను ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద వ్రాసి, ముందే ఫోటోగ్రాఫరుకు ఇవ్వడం మంచిది. హోమం పొగ ఫ్లాష్ వెలుగును చెదరగొట్టి బొమ్మను మసక చేస్తుంది. జరీ అద్దం వలె వెలుగును తిప్పికొడుతుంది. తెల్లని పందిరి కప్పుకు తగిలి దిగే వెలుగు ఈ రెంటికీ మేలు. పెనుకొండ కొండపై ఫోటోలు తీయించుకోదలిస్తే సాయంకాలం అనుకూలం. వాలిన సూర్యకిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. దారిలో నీలికాంతి చెదరిపోగా మిగిలిన వెచ్చని వెలుగు ముఖాలకు అందాన్నిస్తుంది. లేపాక్షి పురావస్తు శాఖ సంరక్షణలోని ఆలయం. అక్కడి నిబంధనలు ముందే తెలుసుకోవలెను. ఇంత ఏర్పాటు ముందే జరిగితే, ముహూర్త సమయంలో కెమెరాను మరచి పెండ్లిని తనివితీరా అనుభవించవచ్చును.

ఇక మిగిలినది భద్రత. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ వెండిది. హైపో పూర్తిగా పోయేటట్లు కడిగితే అది తరాలపాటు నిలుస్తుంది. పాత రంగుల ఫోటోలలో ఉన్నవి సేంద్రియ రంజకాలు. వేడి, తేమ, వెలుగు వల్ల అవి వెలిసిపోతాయి. డిజిటల్ బొమ్మ వెలిసిపోదు గాని, దానిని దాచిన పరికరం చెడితే ఒక్క క్షణంలో మొత్తం పోతుంది. అందుచేత మంచివి ఒక యాభై ఎంచి అచ్చు వేయించి, తక్కినవాటిని రెండు వేరు వేరు చోట్ల భద్రపరచవలెను. ఇంటిలోని పెద్దల పెండ్లి ఫోటోలకు కూడా ఇప్పుడే ప్రతులు తీయించి, వెనుక పేర్లు, ఊరు, సంవత్సరం వ్రాయించవలెను. ముఖాలను కెమెరా నిలుపుతుంది. ఆ ముఖాలు ఎవరివో తెలిసినవారు మాత్రం ఎల్లకాలం ఉండరు.