తలుపులకి గడియ లేని ఊరు

వైరస్, వార్మ్ రెండూ ఒకటే అనుకుంటాం. కావు. వైరస్ ఏదో ఒక ఫైలుకి అంటుకుని కూచుంటుంది, మనం ఆ ఫైలు తెరిస్తేనే కదులుతుంది. వార్మ్‌కి, అంటే పురుగుకి, మన సాయం అక్కర్లేదు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనే దారి వెతుక్కుంటుంది, తన నకళ్ళు తనే తీసుకుంటుంది. మనం నిద్రపోతున్నా దాని పని ఆగదు. 1988 నవంబర్ 2, బుధవారం రాత్రి అమెరికాలో జరిగింది అదే.

పురుగు అన్న పేరు అప్పటికే ఉంది. 1975లో జాన్ బ్రన్నర్ రాసిన ‘ద షాక్‌వేవ్ రైడర్’ నవల్లో నెట్‌వర్క్ అంతా పాకే ‘టేప్‌వర్మ్’ ఒకటుంది. ఆ మాటని జిరాక్స్ పార్క్ పరిశోధకులు అరువు తెచ్చుకున్నారు. రాత్రిపూట ఖాళీగా ఉన్న కంప్యూటర్లలోకి వెళ్ళి పని చేసిపెట్టే పురుగులు వాళ్ళవి. ఓసారి ఒక చిన్న పురుగుని నడుస్తూ ఉండనిచ్చి ఇళ్ళకెళ్ళారు. తెల్లారి వచ్చి చూస్తే కంప్యూటర్లు వరసగా చచ్చి పడున్నాయి. మళ్ళీ ఆన్ చేస్తే మళ్ళీ అదే. అయితే పురుగులన్నిటినీ ఒక్కసారే ఆపేసే సందేశం ఒకటి వాళ్ళు ముందే సిద్ధం చేసి పెట్టుకున్నారు. దాంతో బయటపడ్డారు. 1982లో అచ్చయిన తమ వ్యాసంలో ఈ సంగతంతా చెప్పుకున్నారు.

రాబర్ట్ టాపన్ మోరిస్ వదిలిన పురుగుకి అలాంటి ఏర్పాటేమీ లేదు. కార్నెల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి, ఇంకా ఇరవై మూడేళ్ళు నిండలేదు. వదిలింది మాత్రం ఎం.ఐ.టి. కంప్యూటర్ నుంచి.

అప్పటి ఇంటర్నెట్ చిన్న ఊరు లాంటిది. యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు, కొన్ని సైనిక కేంద్రాలు, అంతే. ఒకరికొకరు తెలిసినవాళ్ళు. తలుపులు దగ్గరగా వేసుకుంటారు గానీ గడియ పెట్టరు. పురుగు ఆ తలుపుల్లోంచే వెళ్ళింది.

మొదటి తలుపు సెండ్‌మెయిల్, ఉత్తరాలు చేరవేసే ప్రోగ్రామ్. తప్పులు వెతుక్కోవడం కోసం అందులో ‘డీబగ్’ అనే వెసులుబాటు పెట్టారు. అది తెరిచి ఉంటే ఉత్తరాన్ని మనిషికి కాకుండా నేరుగా ఒక ప్రోగ్రామ్‌కి పంపొచ్చు. అంటే అవతలి కంప్యూటర్ చేత మనకి కావలసిన పని చేయించొచ్చు. పనయ్యాక మూసెయ్యాల్సిన ఆ తలుపుని చాలాచోట్ల తెరిచే ఉంచారు.

రెండోది ఫింగర్. ఫలానా మనిషి ఇప్పుడు లాగిన్ అయి ఉన్నాడా అని అడిగితే చెప్పేది. అడిగే ప్రశ్న కోసం 512 బైట్ల చోటు కేటాయించారు. వచ్చిన ప్రశ్న అందులో పడుతుందా లేదా అని మాత్రం చూసుకోదు. పురుగు 536 బైట్లు పంపింది. పొంగి పక్కన పడ్డ బైట్లు, ప్రోగ్రామ్ తర్వాత ఎటు వెళ్ళాలో రాసి ఉన్న చోటుని చెరిపేసి పురుగు చెప్పిన చోటికి మళ్ళించాయి.

మూడో తలుపు మనుషులు. యూజర్ పేరే పాస్‌వర్డ్‌గా పెట్టుకునేవాళ్ళు, దాన్నే తిరగేసి పెట్టుకునేవాళ్ళు, మామూలు మాట ఏదో పెట్టుకునేవాళ్ళు. పురుగు ఇవన్నీ వేసి చూసేది. తనతో పాటు 432 మాటల జాబితా కూడా మోసుకు తిరిగేది. జనం ఇలా తేలిగ్గా ఊహించగలిగే పాస్‌వర్డ్‌లే పెట్టుకుంటారని 1979లోనే కెన్ థాంప్సన్‌తో కలిసి వ్యాసం రాసి హెచ్చరించింది ఎవరో కాదు, ఈ కుర్రాడి తండ్రే! ఆయన పేరు కూడా రాబర్ట్ మోరిసే.

పురుగు ఫైళ్ళు చెరపలేదు, ఏమీ దొంగిలించలేదు. దాన్ని ప్రమాదకరం చేసింది ఒక లెక్క. ఒక కంప్యూటర్‌లో తన నకలు ముందే ఉంటే రెండిట్లో ఒకటి తప్పుకోవాలి. కానీ ఎవరైనా దొంగ నకలుతో మోసం చేసి ఆపేస్తారేమోనని, ఏడింట ఒకటి ఎట్టి పరిస్థితిలోనూ తప్పుకోకూడదని మోరిస్ రాశాడు. ఏడింట ఒకటి చాలా ఎక్కువ. గంటల్లోనే ఒక్కో కంప్యూటర్‌లో పదులకొద్దీ నకళ్ళు పేరుకుని, అవి ఊపిరాడక ఆగిపోయాయి. ఆరు వేల కంప్యూటర్లకి సోకిందని ఇప్పటికీ రాస్తుంటారు. ఆ అంకె ఎలా పుట్టిందో మోరిస్ స్నేహితుడు పాల్ గ్రాహమ్ తర్వాత చెప్పాడు. నెట్‌లో మొత్తం అరవై వేలుంటాయని ఒకరు అన్నారు, పదో వంతుకి సోకి ఉండొచ్చని అనుకున్నారు. అంతే!

చెయ్యి దాటిపోయిందని మోరిస్‌కి ఆ రాత్రే అర్థమైంది. హార్వర్డ్‌లో ఉన్న స్నేహితుడు ఆండీ సడత్‌కి ఫోన్ చేశాడు. సడత్ పేరు లేకుండా ఒక సందేశం పంపాడు. క్షమాపణ, దాంతో పాటు మూడు సూచనలు: ఫింగర్‌ని ఆపండి, లేదా సరిచెయ్యండి. సెండ్‌మెయిల్‌ని డీబగ్ లేకుండా మళ్ళీ కంపైల్ చెయ్యండి. దూరం నుంచి ఆజ్ఞలు తీసుకునే రెక్సెక్ సర్వీసుని ఆపెయ్యండి. కావలసిన మందు దాదాపు అంతా అందులో ఉంది. కానీ ఆ సందేశం ప్రయాణించాల్సిన దారినే పురుగు మూసేసింది. అది జనానికి చేరేసరికి ఒక రోజు పైనే గడిచింది.

ఈలోగా బర్కిలీ, ఎం.ఐ.టి., పర్డ్యూ వాళ్ళు నిద్ర మానుకుని పురుగుని కోసి చూశారు. దాన్ని చంపడం కష్టం కాదు. అది మెమరీలోనే బతుకుతుంది, డిస్క్ మీద తన ఫైళ్ళు తనే చెరిపేసుకుంటుంది, కాబట్టి కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే పోతుంది. కానీ కన్నం అలాగే ఉంటే పక్క కంప్యూటర్ నుంచి మళ్ళీ వచ్చేస్తుంది. గురువారం తెల్లవారకముందే బర్కిలీ నుంచి సెండ్‌మెయిల్‌కి సవరణ వచ్చింది. ఫింగర్ సంగతి తేలడానికి ఆ పగలంతా పట్టింది. భయపడి నెట్ తీగ పీకేసుకున్నవాళ్ళకి కొత్తగా పురుగు రాలేదు గానీ, మందు కూడా రాలేదు.

ఆ నెలలోనే అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, ఇలాంటప్పుడు అందరినీ కలపడానికి కార్నెగీ మెలన్‌లో ‘సెర్ట్’ అనే కేంద్రం పెట్టించింది. మోరిస్‌కి 1990లో శిక్ష పడింది: మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా. తర్వాత అతను ఎం.ఐ.టి.లోనే ప్రొఫెసర్ అయ్యాడు.

ఆ ఊరు మాత్రం మునుపటిలా లేదు. అడిగినవాళ్ళకల్లా ఎవరు లాగిన్ అయి ఉన్నారో చెప్పే ఫింగర్ లాంటివి ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. పొరుగువాణ్ణి నమ్మడం అనేది సెక్యూరిటీ లోపాల జాబితాలోకి చేరిపోయింది. అయినా అసలు జబ్బు పోలేదు. 2017 మేలో వానాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకి, మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లలోకీ వచ్చింది. అది దూరిన కన్నాన్ని పూడ్చే సవరణని మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదల చేసింది. ఈసారి దారి మూసుకుపోలేదు, మందు ఆలస్యమూ కాలేదు. వేసుకోవాల్సినవాళ్ళే ‘తర్వాత చూద్దాంలే’ అనుకున్నారు.