నెల్లూరిసీమ ద్రవమానములు

నెల్లూరు తీరమునఁ బాలు, నూనె, నేయి కొలుచుటకుఁ దెనుఁగువారు వాడిన మానములకుఁ బ్రాయికముగా ధాన్యపుఁ గొలతల పేళ్లే కలవు. 4 గిద్దలొక సోల, 2 సోలలొక తవ్వ, 2 తవ్వలొక మానిక, 4 మానికలొక కుంచము, 4 కుంచములొక తూము, 20 తూములొక పుట్టి యని వీథిబడులలో బాలురు వల్లించెడివారు. ధాన్యమీ మెట్లన్నియు నెక్కును. చిల్లర చమురునకు గిద్ద మొదలు మానికవఱకే పని. ధాన్యమును బాత్రపై రాశిగాఁ బోసి కొలువవచ్చును. ద్రవము అంచు దాటి నిలువదు. కావున నొక్క సోలయే ధాన్యమునకొక పరిమాణమును, నూనెకొక పరిమాణమును జూపుచుండెను.

భాషయు నీ విషయమునకు సాక్షి. మానిక యనఁగాఁ బాత్ర. మానెడనఁగా నా పాత్రలోఁ బట్టిన వస్తువు. సోలెడు, తవ్వెడు, కుంచెడు అనునవియు నిట్టివే. చేరెడు, దోసెడు, పిడికెడు అను మాటలందుఁ జేయియే పాత్ర. పాత్ర మాఱినచోఁ బేరు మాఱకయే పరిమాణము మాఱును.

ఈ భేదము శాసనములఁ జదువువారికి ముఖ్యమైనది. 1905 సంవత్సరమున బటర్‌వర్తు, వేణుగోపాల చెట్టిగారలు ప్రకటించిన నెల్లూరు మండల శాసనసంపుటములు మూఁటిలోఁ దెనుఁగు శాసనములతోపాటు తమిళశాసనములును గలవు. అనఁగా నీ సీమ రెండు కొలత సంప్రదాయముల యెల్లపై నున్నది. ద్రాక్షారామము మొదలగు క్షేత్రముల తెనుఁగు శాసనములలో నఖండదీపమునకు సామాన్యముగా 50 గొఱియలను గాపరుల కొప్పగించి, దినమునకు మానెడు నేయి పోయునట్లు కట్టడి చేసిరి. చోళుల తమిళశాసనములలో నట్టి దీపమునకే 90 గాని 96 గాని గొఱియలు. దినమునకు నుళక్కు నేయి. ఉళక్కనఁగా నాళిలో నాలవపాలు. 90 గొఱియలకు నుళక్కు నేయి నియతమైనచో, 50 గొఱియలకు 16 గిద్దల మానెడు నేయి యెట్లు పొసఁగును? కాపరితోడి యొడంబడికలో భేదము కొంత యుండవచ్చును. కాని దీపమొక్కటే, వత్తి త్రాగు చమురు నించుమించుగ నొక్కటే. కావున శాసనముల మానిక బడిలెక్కలోని మానికకంటెఁ జాలఁ జిన్నదని తోఁచుచున్నది.

కొలపాత్రలు స్థలమునుబట్టి మాఱుచుండుట పూర్వులెఱిఁగినదే. తంజావూరి బృహదీశ్వరాలయ శాసనములలో ‘ఆడవల్లాన్’ అను మరక్కాలు ‘రాజకేసరి’తో సమానమని ప్రత్యేకించి చెప్పఁబడినది. నెల్లూరు తీరమున కుత్తరముననున్న మోటుపల్లి రేవున 1244–45లోఁ గాకతీయ గణపతిదేవుఁడు వేయించిన యభయశాసనమునఁ బన్నీరు, కర్పూరతైలము మున్నగువానిపై సుంకము కొలతనుబట్టి గాక వెలనుబట్టి విధింపఁబడినది. నానాదేశముల వర్తకులు చేరు రేవునఁ బాత్రలకంటె వెలయే యందఱికిఁ దెలిసిన ప్రమాణము.

1871 నాఁటి చట్టము శేరు నీరు పట్టు పాత్రను దేశమంతటికిఁ బ్రమాణముగా నేర్పఱుపఁ జూచెను. ఆ శేరు కిలోగ్రామునకు సమానము, పాత్ర లీటరునకు సమానము. అది వాడుకలోనికి రాలేదు. 1956 నాఁటి చట్టముతో మెట్రిక్ పద్ధతి స్థిరపడి, గిద్దయు సోలయు నధికార వ్యవహారమునుండి తొలఁగినవి.

కావున శాసనములందలి మానెడు నేతిని బడిలెక్కతో గుణించి నాఁటి దానముల విలువఁ గట్టుట ప్రమాదకరము. దీపము, మంద, స్థలము ఈ మూఁటిని జూచిన పిమ్మటనే కొలతను నిర్ణయింపవలెను. పేరు నిలిచినంత మాత్రమునఁ బరిమాణము నిలిచినదనరాదు.