డిసెంబరు 25: ఆ తేది ఎక్కడనుండి వచ్చెను?

క్రిస్మస్ సమీపించినప్పుడెల్ల మన సంఘములలో ఒక ప్రశ్న తప్పక వినబడును. పండుగ ఆచరింపని కొన్ని సహవాసములవారు మన యౌవనస్థులను నిలిపి, "డిసెంబరు 25 బైబిలులో ఎక్కడున్నది? అది రోమీయుల సూర్యదేవుని పండుగ కాదా?" అని అడుగుదురు. మనలో పెక్కుమంది నవ్వి ఊరకుందుము. కొందరికి మాత్రము ఆ మాట ముల్లువలె గుచ్చుకొని, ఇంటిమీద నక్షత్రము కట్టుటకైనను వెనుకాడుదురు. మన సంఘ చరిత్రను వ్రాసికొనుచున్న ఈ శతవార్షిక సమయమున ఆ ప్రశ్నకు జవాబు వెదకుట మంచిదని తలంచితిమి.

ఒప్పుకొనవలసినది మొదటనే ఒప్పుకొందము. సువార్తలలో తేది లేదు. లూకా గొర్రెల కాపరులను, మత్తయి జ్ఞానులను చూపిరి గాని నెల చెప్పలేదు. ఆది సంఘమునకు పునరుత్థాన పండుగయే పెద్దది. 200 ప్రాంతమున అలెగ్జాండ్రియా పట్టణపు క్లెమెంట్, క్రీస్తు జనన దినమును గూర్చి కొందరు వేసిన లెక్కలను పేర్కొనెను. వాటిలో ఒకటి మే నెలలో పడును. అతని తరువాతివాడైన ఆరిజన్ అసలు జన్మదినములు చేసికొనుటనే మెచ్చలేదు. లేఖనములలో పుట్టినరోజు విందు చేసినవారు ఫరోయు హేరోదును గదా అని ఆయన వాదము. (నేడు మన ఇండ్లలో పిల్లలకు కోయుచున్న కేకులను చూచినయెడల ఆయన ఏమనునో!)

డిసెంబరు 25 స్పష్టముగా కనబడునది రోములో 354లో కూర్చిన ఒక పంచాంగ గ్రంథములో. అందలి హతసాక్షుల దినముల పట్టిక 336 నాటిదని పండితులు చెప్పుదురు. ఆ పట్టిక తలభాగముననే, డిసెంబరు 25న యూదయ బేత్లెహేములో క్రీస్తు జనించెనని యున్నది. ఆ గ్రంథములోనే, ప్రభుత్వ పండుగల పట్టికలో, అదే తేదికి 'అజేయుని' జన్మదినమనియు, ఆనాడు ముప్పది రథపు పందెములనియు వ్రాయబడెను. ఔరేలియను చక్రవర్తి 274లో రోములో సూర్యునికి ఆలయము కట్టించెను. ఈ రెండింటిని కలిపియే, మనవారు అన్యుల పండుగను తీసికొనిరని అందురు. అయితే సూర్యుని పండుగ డిసెంబరు 25న జరిగినట్లు మనకు దొరకు మొదటి వ్రాతయు ఈ గ్రంథమే. గనుక ఎవరు ఎవరినుండి తీసికొనిరో దీనినిబట్టి తేల్చుట సాధ్యము కాదు. సంఘము ఆ తేదిని సూర్యుని పండుగనుండి తీసికొనెనను మాట సూటిగా కనబడునది చాల కాలము తరువాత, 12వ శతాబ్దపు సిరియా బిషప్పు డయొనీసియస్ బార్ సలీబీ గ్రంథపు అంచున ఎవరో వ్రాసిన గమనికలో. సటర్నేలియా అను మరియొక రోమా పండుగను కూడ చూపుదురు గాని, అది డిసెంబరు 17న మొదలై 23 నాటికే ముగిసెడిది.

మాకు ఎక్కువ సమంజసముగా తోచిన మార్గము వేరొకటి. పాశ్చాత్య సంఘములలో క్రీస్తు సిలువ వేయబడిన దినము మార్చి 25 అను లెక్క పాతది. 200 ప్రాంతమున తెర్తుల్లియను దానిని చెప్పెను. ప్రభువు గర్భమున పడిన దినమును మరణించిన దినమును ఒక్కటేయని తరువాత అగస్టీను వ్రాసెను. మార్చి 25నుండి తొమ్మిది నెలలు లెక్కించిన డిసెంబరు 25 వచ్చును. తూర్పున కొందరు ఏప్రిల్ 6ను పట్టుకొనిరి. అక్కడనుండి లెక్కించిన జనవరి 6. తూర్పు సంఘములు మొదట క్రీస్తు జననమును ఆచరించినది ఆ దినముననే. పశువులతొట్టి తేదిని సిలువనుండి లెక్కించిరన్నమాట.

సూర్యుని పండుగ ప్రభావము బొత్తిగా లేదని వాదింపము. క్రీస్తే నిజమైన సూర్యుడని ఆ కాలపు బోధకులు ఇష్టముగా చెప్పిరి. అయిదవ శతాబ్దమున రోము బిషప్పు లియో, పరిశుద్ధ పేతురు దేవాలయపు మెట్లపై వెనుదిరిగి ఉదయ సూర్యునికి తలవంచు క్రైస్తవులను క్రిస్మస్ ప్రసంగములోనే గద్దించెను. 386లో అంతియొకయలో క్రిసొస్తొము ఈ పండుగ తమకు తెలిసి పదియేండ్లు కూడ కాలేదని చెప్పి, శంకించువారిని ఒప్పింపవలసివచ్చెను. మన యౌవనస్థులు ఎదుర్కొను ప్రశ్న అంత పాతది!

మిగిలిన ఆచారములు ఒక్కొక్కటి ఒక్కొక్క చోటనుండి చేరినవి. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో ఫ్రాన్సిస్ భక్తుడు ఎండుగడ్డి తొట్టిని, ఎద్దును, గాడిదను నిలిపి ఆరాధన జరిపించెను. చెట్టు జర్మనుల ఇండ్లలోనిది. విక్టోరియా రాణి కుటుంబము చెట్టుచుట్టు నిలిచిన బొమ్మ 1848లో లండను పత్రికలో అచ్చయిన తరువాత ఇంగ్లాండులో అది విస్తారముగా వ్యాపించెను. పండుగను ద్వేషించిన క్రైస్తవులును లేకపోలేదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్యూరిటనులు 1659లో క్రిస్మస్ చేసికొన్నవారికి అయిదు షిల్లింగుల జరిమానా విధించిరి. ఆ చట్టము 1681లో రద్దయ్యెను. ఇక వెదురుబద్దల నక్షత్రము, రాత్రివేళ ఇంటింటికి తిరుగు పాటల బృందము, అరిసెలు మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

జనవరి 6 సంగతి ఒకటి మిగిలినది. ఆర్మీనియా సంఘమువారు నేటికిని ఆ దినముననే జనన పండుగ చేయుదురు. మనకు అది ఎపిఫనీ, అనగా క్రీస్తు అన్యజనులకు ప్రత్యక్షమైన పండుగ. తొలి భారతీయ ఆంగ్లికను బిషప్పు అజరయ్య దోర్నకల్‌లో కట్టించిన మహాదేవాలయమునకు ఆ పేరే పెట్టబడి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగెను. క్రిస్మస్‌నాడు గుడిలో నిలుచుటకు చోటు దొరకదు. జనవరి 6న ముందు బల్లలు కూడ ఖాళీయే.