వంద రోజుల బొమ్మ, మూడు గంటల క్యాసెట్టు

మన సభ్యుల్లో ఇంజనీర్లు, డాక్టర్లు, లెక్కల శాఖలవారే ఎక్కువ కనుక లెక్కతోనే మొదలుపెడతాను. "బొమ్మ ఎన్నాళ్లాడింది?" అని అడగడం తెలుగువాడికి ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. కథ ఎలా వుందన్న ప్రశ్న దాని తరువాతే. యాభై రోజులు, వంద రోజులు, ఇరవై అయిదు వారాలు. పత్రికలో పూర్తి పేజీ ప్రకటన, దాని అడుగున కేంద్రాల పేర్లు, వాటిలో కొన్నిటి పక్కన కనీకనపడని అక్షరాల్లో "షిఫ్టింగుతో" అన్న ముక్క. పెద్ద హాల్లో జనం పలచబడ్డాక బొమ్మను చిన్న హాలుకు మార్చి రోజులు నింపడమే షిఫ్టింగు. అభిమానికి రోజులు ముఖ్యం. డబ్బు పెట్టినవాడికి ముఖ్యమైనది షేరు.

టిక్కెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. పన్ను పోగా మిగిలింది నెట్. హాలు బాడుగ కూడా పోగా డిస్ట్రిబ్యూటరు చేతికొచ్చేది షేరు. నైజాం, సీడెడ్, ఆంధ్ర అని ఏరియాలుగా పంచుకుని హక్కులు కొన్న ఆసామి మొదట ఆ షేరులోంచి తన పెట్టుబడి రాబట్టుకోవాలి. గ్రాసు చూపించి కోట్లు కొల్లగొట్టిందని చెప్పే ప్రకటనకీ, ఆ కొన్నవాడి ఖాతా పుస్తకానికీ మధ్య చాలా దూరం వుంటుంది. ఇప్పటికీ అంతే.

ఈ లెక్కలో ఫైటింగు బొమ్మది వేరే జాతకం. కుటుంబ కథాచిత్రం నెమ్మదిగా అందుకుని ఆడవాళ్ల ఆదరణతో నిలబడుతుంది. ఫైటింగు బొమ్మ మొదటి వారంలోనే కుర్రకారుతో మండిపోతుంది, చల్లారడమూ తొందరే. కాని దానికి రెండో ఆయువు వుండేది. పట్నంలో దిగిపోయిన ప్రింటు తాలూకా కేంద్రానికీ, అక్కడి నుంచి టూరింగ్ టాకీసుకూ చేరి, గీతలు పడి, రీళ్లు తెగి అతుకులు వేసుకుంటూ ఏళ్ల తరబడి తిరిగేది. చిన్న ఊళ్లో మంగళవారం హాలు ఖాళీగా వుంటే పాత కృష్ణ సినిమా తెప్పించి వేసేవాళ్లు. ఈ రెండో ఆయువుకు వంద రోజుల ప్రకటన వుండదు. ఆ తిరుగుడులో రాబడి వుండేది.

కృష్ణ పేరు ఊరికే ఎత్తలేదు. 1966లో "గూఢచారి 116"తో తెలుగులో గూఢచారి చిత్రాలకు ఊపు తెచ్చింది ఆయనే. 1971 ఆగస్టులో పద్మాలయా వారి "మోసగాళ్ళకు మోసగాడు" వచ్చింది. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, రచన ఆరుద్ర, ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామి. రాజస్థాన్ ఎడారికి వెళ్లి తెలుగువాడికి కౌబాయ్ టోపీ పెట్టి గుర్రమెక్కించారు. ఇటలీవాళ్లు అమెరికా పశ్చిమాన్ని స్పెయిన్‌లో తీస్తే మనవాళ్లు దాన్ని థార్‌లో తీశారు. చూసి నవ్వినవాళ్లున్నారు గాని చిత్రం మాత్రం ఘనంగా ఆడింది. "ట్రెజర్ హంట్" అనే పేరుతో ఇంగ్లీషులోకి మార్చి అనేక దేశాలకు పంపారు. తెలుగు ఫైటింగు బొమ్మ విదేశీ మార్కెట్టును ఎరిగిన తొలి సందర్భాలలో అదొకటి. ఆ మార్కెట్టు ప్రవాసి తెలుగువాడిది కాదు, భాష రాని పరాయివాడిది. ప్రవాసి తెలుగువాడిని ఖాతాలో వేసుకోవడానికి నిర్మాతలకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది. నేను చెప్పదలచిన కథ అక్కడుంది.

క్యాసెట్టు దగ్గరికి వద్దాం. సోనీవారి బీటామాక్స్ 1975లో, జేవీసీవారి వీహెచ్ఎస్ 1976లో జపాన్ బజారుకొచ్చాయి. నాలుగైదేళ్లలో గల్ఫ్ కొట్ల అద్దాల వెనుక వరసలు తీరాయి. భారతదేశంలో 1982 ఆసియా క్రీడల నాటికి గాని రంగుల టీవీ రాలేదన్నది గుర్తు చేసుకుంటే, దోహాలో జీతం తెచ్చుకునే మధ్యతరగతి ఉద్యోగి ఈ యంత్రం విషయంలో హైదరాబాదు ధనికుల కంటే ముందున్నాడని తెలుస్తుంది.

మన ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఆ రోజులు చూసిన కుటుంబాలకు వివరించనక్కరలేదు, పిల్లల కోసం రాస్తున్నాను. హాలు లేక కాదు. 1970లో ఏర్పడిన ఖతర్ సినిమా అండ్ ఫిల్మ్ డిస్ట్రిబ్యూషన్ కంపెనీ చేతిలో గల్ఫ్ సినిమా, దోహా సినిమా హాళ్లుండేవి. గల్ఫ్ సినిమా పేరుతో సి-రింగ్ రోడ్డు మీది సిగ్నల్‌ను గుర్తుపట్టేవాళ్లు నేటికీ వున్నారు. హిందీ ఆడేది, మలయాళం ఆడేది. తెలుగు బొమ్మ కావాలంటే మాత్రం క్యాసెట్టే దిక్కు. అప్పటి వారాంతం గురు, శుక్రవారాలు. గురువారం రాత్రి ఒకరింట్లో నాలుగు కుటుంబాలు చేరేవి. పిల్లలు చాప మీద, పెద్దలు సోఫాలో, ఎవరింటినుంచో పులిహోర గిన్నె. ఇ-180 అనే మూడు గంటల క్యాసెట్టులో మన బొమ్మ సరిగ్గా పట్టేది. కాస్త పొడవైతే ఒక పాట ఎగిరిపోయేది.

వచ్చిన క్యాసెట్టు ఏ తరం కాపీయో దేవుడెరుగు. మాతృక నుంచి ఒకటి, దాని నుంచి ఇంకొకటి. నాలుగో చేతికొచ్చేసరికి రంగులు ఒకదాంట్లోకొకటి పాకి, మనుషుల మొహాలు పసుపు రాసినట్టుండేవి. మనదీ, ఇండియాదీ పాల్ పద్ధతి కనుక అక్కడి క్యాసెట్టు ఇక్కడ ఆడేది. సౌదీలో సెకామ్, అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ. డాలస్‌లోని బావమరిదికి పంపితే గీతలే కనిపించేవి. స్కోపు చిత్రమైతే మరీ అన్యాయం. 1974 నాటి "అల్లూరి సీతారామరాజు"తో తెలుగు తెర వెడల్పయింది గదా, ఆ వెడల్పును టీవీ పెట్టెలో ఇరికించడానికి రెండు వైపులా కోసేవాళ్లు. ఫైటింగులో హీరో గుద్దేవాడు, గుద్దు తిన్నవాడు కోసేసిన భాగంలో పడేవాడు.

ఇది దొంగ సరుకు కాదా అని అడిగే న్యాయమూర్తులు మన సంఘంలోనూ వున్నారు. చట్టం సంగతి చూద్దాం. భారతదేశంలో 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వీడియో క్యాసెట్టు మీద హక్కుదారు పేరు, చిరునామా వుండాలన్నారు. దొంగ కాపీకి కనీసం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జుర్మానా పెట్టారు. గల్ఫ్‌లో సంగతి వేరు. యు.ఎ.ఇ.లో కాపీరైట్ చట్టం 1992లో, ఖతర్‌లో 1995లో వచ్చింది. అంటే 1980ల్లో ఇక్కడ కాపీ తీసినవాడిని పట్టుకోవడానికి ఆ పేరుగల స్థానిక చట్టమే లేదు. హిందీ నిర్మాతలు పరిస్థితి గ్రహించి విదేశీ వీడియో హక్కులు ముందుగానే అమ్ముకోవడం మొదలుపెట్టారు. పోయేదేదో పోతుంది, దొరికింది దక్కించుకుందామని. తెలుగు నిర్మాతకు మనం కనపడనేలేదు. మనం డబ్బివ్వడానికి సిద్ధంగా వున్నా తీసుకునే చెయ్యి లేదు. అందుకే ఆ క్యాసెట్టును ఉత్త దొంగతనమనడం సగం మాటే అవుతుందని నా అభిప్రాయం.

అమెరికాలో ఇదే కాలంలో ఏం జరిగిందో చూస్తే తేడా తెలుస్తుంది. వీడియో రికార్డరు తమ కొంప ముంచుతుందని హాలీవుడ్ స్టూడియోలు సోనీ మీద దావా వేశాయి. 1984 జనవరిలో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులు అటు, నలుగురు ఇటుగా సోనీ పక్షాన తీర్పిచ్చింది. ఓడినవాళ్లు మూడేళ్లు తిరగకుండా ఓడినందుకే లాభపడ్డారు. 1986లో హాళ్లలో అగ్రస్థానంలో నిలిచిన "టాప్ గన్" 1987లో క్యాసెట్టుగా వచ్చింది. మామూలుగా ఎనభై డాలర్ల దగ్గర వుండే ధరను 26 డాలర్ల 95 సెంట్లకు దించి, ముందు ఒక శీతల పానీయం ప్రకటన అతికించి లక్షల మీద అమ్మారు. ఆ దశాబ్దం రెండో సగంలో హాలు రాబడి కంటే ఇంటి వీడియో రాబడే ఎక్కువైంది. అక్కడ క్యాసెట్టు డబ్బు బొమ్మ తీసినవాడికి తిరిగి వెళ్లింది, మన దగ్గర దారిలోనే ఇంకిపోయింది.

దారిలో ఇంకిన చోట్లలో మన ఊళ్లూ వున్నాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి ఈ ఎడారికొచ్చినవాళ్లు సెలవుకు వెళ్తూ మోసుకెళ్లిన సామానులో బంగారం తరువాతి స్థానం వీసీఆర్‌ది. పెట్టె మీద తాళ్లు, తాళ్ల మీద పేరు, ఊరు. ఇంట్లో కొన్నాళ్లు ముచ్చట తీరాక అది ఊళ్లో వీడియో పార్లరుకు చేరేది. తడికెల పాక, బెంచీలు, తలకు రూపాయో రెండో. అక్కడ ఆడేవి ముఖ్యంగా ఫైటింగు బొమ్మలే. హాలు యజమానులు గగ్గోలు పెట్టారు. వాళ్లకు లైసెన్సు, పన్ను, అగ్నిమాపక నిబంధనలు వుంటే పాకవాడికి ఏమీ లేవు. 1983లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఒక రెస్టారెంటు కేసులో, టీవీ మీద వీసీఆర్‌తో డబ్బులకు చూపించినా అది సినిమా ప్రదర్శనే, లైసెన్సు వుండాల్సిందే అని చెప్పింది. ఇందాక చెప్పిన పాత ప్రింటు రెండో ఆయువు దెబ్బతిన్నది ఇక్కడే. మంగళవారం ఖాళీ హాలుకు పాత కృష్ణ సినిమా తెప్పించుకునే అవసరం పోయింది. ఇక్కడ మనకు తెలుగు మాట వినిపించిన యంత్రమే అక్కడ మన ఊరి టాకీసు గొంతు పట్టుకుంది. ఈ రెండూ ఒకే జీతంలోంచి కొన్నవి.

అయినా పెద్ద బొమ్మను క్యాసెట్టు ఆపలేకపోయింది. 1983 అక్టోబరు 28న విడుదలైన "ఖైదీ" సంగతే చూడండి. కోదండరామిరెడ్డి దర్శకత్వం, పరుచూరి సోదరుల రచన, చక్రవర్తి సంగీతం. అంతకు ఏడాది ముందు అమెరికాలో వచ్చిన "ఫస్ట్ బ్లడ్" దానికి ప్రేరణ. అక్కడ అడవిలో తిరగబడినవాడు యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు, ఇక్కడ ఊరి పెత్తందారు అన్యాయానికి బలైన రైతు కొడుకు. పోలీసు స్టేషన్ ఘట్టం పోలికగా వున్నా, కోపం మన నేలదే. అందుకే ఆడింది. చిరంజీవి ఆ దెబ్బతో తారాపథానికెక్కాడు, మరుసటి ఏడు హిందీలో జితేంద్రతో తీశారు. వీడియో పార్లర్లు ఊరూరా వెలుస్తున్న కాలంలోనే ఈ బొమ్మ వంద రోజులు ఆడిన సంగతి, క్యాసెట్టే హాళ్లను చంపిందనేవాళ్లు మర్చిపోతారు. క్యాసెట్టు చంపింది నీరసపు బొమ్మలనూ, పాత ప్రింట్లనూ.

అసలు విడ్డూరం ఆ తరువాతది. విజయవాడ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ చదివి, హైదరాబాదులో కృష్ణా ఒబెరాయ్ హోటల్ నిర్మాణంలో సైట్ ఇంజనీరుగా చేసిన ఒక యువకుడు ఆ పని వదిలి అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ పెట్టాడు. మన ఇంజనీరు సభ్యులు గమనించాలి! రాంగోపాల్ వర్మకు సినిమావాళ్ల పరిచయాలు ఆ కొట్టు మూలంగానే ఏర్పడ్డాయి. "కలెక్టర్ గారి అబ్బాయి"కి సహాయకుడిగా పనిచేసి, 1989 అక్టోబరు 5న అన్నపూర్ణ స్టూడియోస్ పతాకంపై "శివ" విడుదల చేశాడు. నాగార్జునకు అదే ఏడు మే నెలలో "గీతాంజలి" వచ్చింది. ప్రేమికుడిగా చూసిన జనం అయిదు నెలలకు అతని చేతిలో సైకిల్ చైను చూశారు.

"శివ" హాలు కోసం తీసిన బొమ్మ. గోపాల్‌రెడ్డి కెమెరా స్టెడీకామ్ మీద మనిషి వెంట పరుగెత్తింది. ఇళయరాజా సంగీతం ఎక్కడ ఆగాలో తెలిసి ఆగింది. అరుపులతో నిండిన ఫైటింగు బొమ్మల మధ్య రఘువరన్ గొంతు తగ్గించి భయపెట్టాడు. అద్దె క్యాసెట్ల మధ్య కూర్చున్న మనిషి, అద్దె క్యాసెట్టులో దక్కనిది ఏమిటో బాగా ఎరిగి తీశాడనిపిస్తుంది. ధ్వని, నిశ్శబ్దం, వెడల్పు, ఈ మూడూ మూడో తరం కాపీలో ముందుగా పోయేవి. ఉత్తమ దర్శకుడికి నంది వచ్చింది. తమిళంలో "ఉదయం"గా మారి అక్కడా బాగా ఆడింది, 1990లో హిందీలోనూ తీశారు. క్యాసెట్టు హాలుకు బాకీ పడింది నిజమే గాని, ఆ బాకీలో కొంత అమీర్‌పేట కొట్టు తీర్చిందని నేనంటాను.

మిగతాది త్వరగా చెప్పుకోవచ్చు. క్యాసెట్టు పోయి వీసీడీ, డీవీడీ వచ్చాయి. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకూ, డీవీడీని 34 రూపాయలకూ దించి దొంగ కాపీతో ధరలోనే పోటీపడింది. ఇరవై ఏళ్ల ముందు చేయాల్సిన పని. 2016లో జపాన్ ఫునాయ్ కంపెనీ వీసీఆర్ తయారీ ఆపేసింది. ఇప్పుడు దోహాలో పెద్ద తెలుగు బొమ్మ ఇండియాతో పాటే హాల్లో పడుతుంది, ఓవర్సీస్ అనేది నైజాం, సీడెడ్‌ల పక్కన ఒక ఏరియా అయింది. 2022 మార్చి 25న విడుదలైన "ఆర్ఆర్ఆర్" సరిగ్గా ఎనిమిది వారాలకు, మే 20న, ఇంటి తెర మీదికొచ్చింది. ఇంట్లో చూసిన అమెరికావాళ్లు ముచ్చటపడితే జూన్ 1న అక్కడి హాళ్లలో మళ్లీ వేశారు. హాలు నుంచి ఇంటికి పోయే బొమ్మ ఇంటి నుంచి హాలుకు రావడం చూశాం. తెలుగు నిర్మాతలు ఇప్పుడు పోట్లాడుకునేది ఆ ఎనిమిది వారాల గురించే.

"మోసగాళ్ళకు మోసగాడు" 2023 మే 31న, కృష్ణ పోయాక వచ్చిన తొలి జయంతికి, 4కెలో మళ్లీ విడుదలైంది. "శివ" 2025 నవంబరు 14న డాల్బీ అట్మాస్ ధ్వనితో మళ్లీ హాళ్లకొచ్చింది. చాప మీద కూర్చుని పసుపు మొహాల క్యాసెట్టులో దాన్ని చూసిన పిల్లలకు ఇప్పుడు నలభై దాటాయి. చైను తెగిన చప్పుడు హాల్లో ఎలా వుంటుందో వాళ్లలో చాలామంది వినడం అదే మొదటిసారి.