బెనారస్ మెట్రిక్, కండెన్స్‌డ్ కోర్సు: సమానార్హతపై హెక్‌మన్ సిద్ధాంతానికి ఒక ఆక్షేపణ

బడి మధ్యలో మానేసినవారు ఆ తరువాత పరీక్షకు కట్టి సంపాదించుకునే సమానార్హత పత్రం, అంటే బడిలో కూర్చుని చదివినవారి సర్టిఫికెట్టుతో సమానమని అధికారికంగా గుర్తింపు పొందిన పత్రం, పేరుకే సమానమన్న అభిప్రాయం విద్యా అర్థశాస్త్రంలో పాతుకుపోయింది. దీనికి ప్రధాన ఆధారం ఆర్థికవేత్తలు స్టీఫెన్ కామెరాన్, జేమ్స్ హెక్‌మన్ 1993లో ప్రచురించిన వ్యాసం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, అమెరికా సైనికుల కోసం మొదలై తరువాత పౌరులకూ అందుబాటులోకి వచ్చిన, హైస్కూలు సమానార్హతనిచ్చే జీఈడీ పరీక్షలు నెగ్గినవారి సంపాదన, హైస్కూలు పూర్తిచేసినవారితో కాక బడి మానినవారితోనే సరితూగుతోందని ఆ వ్యాసం తేల్చింది. తెలివిలో తీసిపోని వీరు సంపాదనలో వెనకబడడానికి పట్టుదల, నిలకడ వంటి పరీక్షకు అందని గుణాలు కొరవడడమే కారణమని హెక్‌మన్ తన తరువాతి రచనలలో నిర్ధారించారు.

ఈ నిర్ధారణలో బడి మానడమే గుణలోపానికి సాక్ష్యంగా మారిపోయింది. పైగా 1993 నాటి వ్యాసం పరిశీలించినది పురుషుల సంపాదనను మాత్రమే. పెళ్లి చేసి పంపినందువల్లనో, ఊరిలో పై తరగతులు లేనందువల్లనో చదువు ఆగిపోయిన ఆడపిల్ల విషయంలో బడి మానాలన్న నిర్ణయం ఆమెది కానే కాదు. కనుక ఆ నిర్ణయం నుంచి ఆమె స్వభావాన్ని అంచనా కట్టే పద్ధతికి తెలుగునాట పునాదే లేదు.

నిర్ణయం పూర్తిగా తనదే అయిన సందర్భంలోనూ ఆ పద్ధతి నిలబడదనడానికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం బలమైన నిదర్శనం. 1909లో రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదో ఏట పెళ్లయి, పెద్దయ్యాక ఆ పెళ్లిని కాదనుకున్న ఆమె, ఇంగ్లీషు మాధ్యమాన్ని బలవంతంగా రుద్దడాన్ని నిరసిస్తూ పన్నెండో ఏట బడి మానేశారు. మానిన తరువాత ఇంట్లో ఊరుకోక, ఆడపిల్లలకు హిందీ నేర్పే పాఠశాల పెట్టారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుశిక్షలు అనుభవించి బయటికి వచ్చాక, బడి ముఖం చూడకుండానే బెనారస్ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్ష రాసి గట్టెక్కారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడపిల్లలకు హాస్టలు లేదన్న అభ్యంతరం ఎదురుకాగా, తనలాగే చదువుకోగోరిన యువతులను కూడగట్టి హాస్టలు తానే ఏర్పాటు చేసుకుని రాజనీతిశాస్త్రంలో బి.ఏ. ఆనర్స్ చదివారు, 1942లో న్యాయశాస్త్ర పట్టా పొంది మద్రాసులో న్యాయవాది అయ్యారు, నాలుగేళ్లకు రాజ్యాంగసభలో అడుగుపెట్టారు. బడి మానడంలో కనిపించిన పట్టుదల, తిరిగి చదువు పట్టడంలో కనిపించిన పట్టుదల ఒక్కటే.

అయితే ఆమెను అసాధారణ వ్యక్తిగా పక్కన పెట్టడం తేలిక గనుక, అంతకంటె ముఖ్యమైన సాక్ష్యం ఆమె నెలకొల్పిన సంస్థలో వెతకాలి. 1937లో మద్రాసులో రూపుదిద్దుకున్న ఆంధ్ర మహిళా సభ, తెలుగు యువతులను ఒకచోట చేర్చి, ఆమె నెగ్గిన ఆ బెనారస్ మెట్రిక్‌కే తయారుచేసింది. ఇక్కడ పరీక్ష ఎంత ముఖ్యమో, పరీక్షకు ముందు దొరికిన గది, గురువు, తోటివారు అంత ముఖ్యం. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా 1958లో దుర్గాబాయి దేశమంతటా ప్రవేశపెట్టిన కండెన్స్‌డ్ కోర్సు, అంటే వయోజన స్త్రీలకు కొన్నేళ్ల బడి చదువును సుమారు రెండేళ్లలోకి కుదించి పరీక్షకు పంపే ఏర్పాటు, ఈ అనుభవానికి ప్రభుత్వం ఇచ్చిన రూపమే. పల్లెలకు గ్రామసేవికలు, మంత్రసానులు, పంతులమ్మలు కావలసివచ్చినప్పుడు, ఆ శిక్షణలలో చేరడానికి కావలసిన కనీస చదువు స్త్రీలకు లేకపోవడమే అడ్డంకి అని గుర్తించి ఆమె ఈ మార్గం తెరిచారు. మెట్రిక్ పత్రం నేరుగా జీతం పెంచకపోవచ్చు. కానీ అది లేనిదే నర్సింగు, టీచరు శిక్షణల గడప దాటడానికి వీలుండదు. జీతం లెక్కలు ఒక్కటే చూసేవారికి ఈ గడప కనబడదు.

హెక్‌మన్ తన సహరచయితలతో కలిసి 2014లో వెలువరించిన గ్రంథం స్త్రీలను కూడా లెక్కలోకి తీసుకున్నదన్నది నిజమే. కానీ జీఈడీ ప్రధానంగా పరీక్ష. కండెన్స్‌డ్ కోర్సు ప్రధానంగా బోధన. రెండింటినీ సమానార్హత అన్న ఒకే గంపలో వేయడం శాస్త్రీయం కాదు.

దూరవిద్య చరిత్రలు సాధారణంగా 1979 నాటి సీబీఎస్‌ఈ ఓపెన్ స్కూలు ప్రయోగంతో మొదలై, 1989లో ఏర్పడిన జాతీయ ఓపెన్ స్కూలు మీదుగా, 1991లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సార్వత్రిక విద్యాపీఠానికి చేరుకుంటాయి. ఆంధ్ర మహిళా సభ గదులకు వాటిలో చోటు లేదు. నేటి ఓపెన్ టెన్త్ అభ్యాసకులకు ఐదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్ష రాసే వీలుంది. ఇంటిపని, కూలిపని మధ్య ఒక్కో సబ్జెక్టూ గట్టెక్కుతూ వచ్చే గృహిణికి నిలకడ లేదనడం అన్యాయం. ఆమెకు తక్కువైనది సెలవు రోజుల సంపర్క తరగతులకు మించిన బోధన, బిడ్డను వదిలి వచ్చి కూర్చోగలిగే చోటు. ఇవి కల్పించి ఫలితాలు కొలిచేదాకా, సమానార్హత విఫలమైందన్న తీర్పు తెలుగు స్త్రీలకు వర్తించదు.