గాజు పలక నుండి జన్యు పరీక్ష దాకా



తెలుగూ తమిళమూ రెండూ మాట్లాడే మా బడి పిల్లలను ఒకసారి అడిగాను, టి.బి. జబ్బును మీ ఇంట్లో ఏమంటారని. కొందరు 'క్షయ' అన్నారు, కొందరు 'కాసనోయ్' అన్నారు. కాసమంటే దగ్గు, క్షయమంటే అరిగిపోవడం. తమిళంలో జబ్బు మొదట కనిపించే గుర్తును బట్టి పేరు వచ్చింది, మనకు చివర మిగిలే స్థితిని బట్టి వచ్చింది. దగ్గు మొదలైన నాటికీ, మనిషి చిక్కిపోయే నాటికీ నడుమ గడిచే నెలలే ఈనాటి నా ప్రసంగ విషయం.

1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో రాబర్ట్ కాక్ ఈ జబ్బుకు కారణమైన క్రిమిని ప్రపంచానికి చూపించాడు. అటుపిమ్మట నూరేళ్లకు పైగా మన ఊళ్లలో గళ్ళ పరీక్ష అంటే ఒకటే పద్ధతి. గళ్ళను గాజు పలక మీద పూసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో చూడడం. చౌకైన పద్ధతి, మంచిదే. కాని ఒక మిల్లీలీటరు గళ్ళలో సుమారు 10,000 క్రిములైనా ఉంటే గాని కంటికి ఆనవు. అంతకు తక్కువ ఉంటే 'లేదు' అని చీటీ రాసిస్తారు. గళ్ళలోని క్రిములను ప్రయోగశాలలో పెంచి చూసే కల్చర్ పద్ధతి ఉంది గాని, ఈ క్రిమి పెరుగుదల బహు నిదానం. వారాల తరబడి కాచుకోవాలి.

మా మేనమామ గుడియాత్తంలో లుంగీల మగ్గం నేసేవాడు. 1993లో ఆయన మూడుసార్లు గళ్ళ ఇచ్చాడు. మూడుసార్లూ లేదనే వచ్చింది. దగ్గుమందు తాగుతూ మగ్గం గుంటలోనే కూర్చున్నాడు. నాలుగు నెలలకు నెత్తురు పడింది, అప్పుడు మందులు మొదలుపెట్టారు. మామ బతికాడు. అయితే ఆ నాలుగు నెలలూ అదే ఒంటిగదిలో పడుకున్న ఆయన పెద్దకూతురికి మరుసటి ఏడు అదే జబ్బు వచ్చింది. పరీక్ష చేసినవారిని నేను తప్పు పట్టను. అద్దానికి ఆననిది వాళ్లకెలా ఆనుతుంది?

విచిత్రమేమిటంటే, దీనికి విరుగుడు అప్పటికే పుట్టి పదేళ్లయింది. 1983లో కేరీ మల్లిస్ అనే అమెరికా శాస్త్రవేత్త జన్యు పదార్థపు తునకను పరీక్ష నాళికలో రెట్టింపు చేసే ఉపాయం కనిపెట్టాడు. వేడి చేస్తే పేట విడిపోతుంది, చల్లార్చితే ఒక్కొక్క పోగుకూ జత పుడుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు. ముప్పై చుట్లు తిరిగేసరికి ఒక్క తునక నూరు కోట్లు దాటుతుంది. మామ గళ్ళ ఇచ్చిన ఆ 1993లోనే మల్లిస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. బహుమతి వార్త గుడియాత్తానికి పత్రికలో వచ్చింది. పరీక్ష రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఆ రావడంలో మన రాయవేలూరుకూ పాలుంది. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల క్రమంగా సి.ఎం.సి. ఆసుపత్రిగా పెరిగింది. 1986లో మదరాసు నుండి డాక్టర్ నిర్మల రక్తపు నమూనాలను ఐసు పెట్టెలో పెట్టుకుని రాత్రి రైలులో కాట్పాడి వచ్చింది. మన దేశంలో హెచ్.ఐ.వి. మొదట బయటపడింది ఆ నమూనాలలో, ఈ ఆసుపత్రి ప్రయోగశాలలోనే. అది జన్యు పరీక్ష కాదు, రంగు మార్పును చూసే పరీక్ష.

జన్యు పరీక్ష వంతు 2009లో వచ్చింది. జీన్ ఎక్స్‌పర్ట్ అనే యంత్రంలో, గళ్ళను ఒక ద్రావకంతో కలిపి, చిన్న గుళికలో పోసి పెడితే చాలు. క్రిమిని పగలగొట్టడం, తునకను రెట్టించడం, ఫలితం చెప్పడం అన్నీ యంత్రమే రెండు గంటలలోపు చేస్తుంది. రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. దీన్ని మామూలు రోగుల నడుమ పరీక్షించడానికి ఆరు దేశాలను ఎంచుకున్నారు. భారతదేశం వంతుకు రాయవేలూరు వచ్చింది. 2010 జూన్ దాకా, ఆరు దేశాలలో కలిపి 6,648 మంది అందులో చేరారు. కల్చర్‌లో క్షయ తేలిన ప్రతి నూరుమందిలో సూక్ష్మదర్శిని 67 మందిని పట్టితే, యంత్రం 90 మందిని పట్టింది. నన్ను ఆపేసిన లెక్క మరొకటి. గాజు పలక మీద 'లేదు' అని వచ్చిన క్షయ రోగులకు మందులు మొదలుకావడానికి అంతకు ముందు మధ్యస్థంగా 56 రోజులు పట్టేది. యంత్రం వచ్చాక 5 రోజులు. మా మామ ఈ వరుసలోని మనిషే.

2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ఆమోదించింది. మన ప్రభుత్వ ఆసుపత్రులలో దీని పేరు సీబీనాట్. అయితే ఇది కాస్త సుకుమారి. గదిలో వేడి 30 డిగ్రీలు దాటకూడదు, కరెంటు పోకూడదు. మన చిత్తిరై ఎండ సంగతి మీకు చెప్పాలా? ఏ.సి. లేని చోట కష్టమే. ఆ లోటు చూసి బెంగళూరు, గోవాలలో మనవాళ్లు బ్యాటరీతో నడిచే ట్రూనాట్‌ను తయారుచేశారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ రెండు రకాల యంత్రాలనూ ఆ పరీక్షకు వాడుకున్నారు. తిరుపత్తూరు వేరే జిల్లా అయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ఈ యంత్రం చచ్చిన క్రిమి జన్యువును కూడా చూపిస్తుంది. అందువల్ల మందులు తినేవారికి జబ్బు తగ్గుతోందో లేదో చూడడానికి ఇది పనికిరాదు. దానికి నేటికీ ఆ గాజు పలకా, ఆ రంగూ, ఆ సూక్ష్మదర్శినే దిక్కు.