గ్రహీత నోరు విప్పిన నాడు: దాతృత్వ చరిత్రలో మరుగుపడిన ఒక ఘట్టము

ధర్మనిధులు తాము ధనమిచ్చి పోషించుచున్న సేవాసంస్థలను, ‘మాతో మీకు గల సంబంధ మెట్లున్నది?’ అని అడిగి, వచ్చిన ప్రత్యుత్తరములను బట్టి తమ నడవడిని దిద్దుకొనుట అమెరికాలో నేడు సుప్రసిద్ధమైన ఆచారము. ఈ యాచారము 2003 ప్రాంతమున, మసాచుసెట్స్ రాష్ట్రములోని కేంబ్రిడ్జి నగరమునకు చెందిన సెంటర్ ఫర్ ఎఫెక్టివ్ ఫిలాంత్రపీ అను సంస్థ చేతిలో పుట్టినదనియు, అంతకు పూర్వము దాతలు వినుటయు గ్రహీతలు పలుకుటయు లేదనియు ఈ విషయమును గూర్చి వ్రాయువారు సామాన్యముగా చెప్పుచుందురు. ఆ సంస్థ చేసిన పనిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. ప్రశ్నావళిని క్రమబద్ధముగా రూపొందించి, ఒక దాతను మరియొక దాతతో పోల్చి చూపిన ఘనత దానిదే. కాని సాధనము పుట్టిన తేదీనే సమస్య పుట్టిన తేదీగా లెక్కించుటచేత ఈ చరిత్రలో అర్ధభాగము మరుగుపడినదనియు, నేటి పద్ధతిలోని లోపమునకు మూలము ఆ భాగములోనే యున్నదనియు నా యభిప్రాయము.

పూర్వరంగము సుపరిచితమే గనుక దానిపై జాగు చేయనక్కరలేదు. మన దేవాలయ శాసనములలో దాత వంశమును, దత్తభూమి యెల్లలును, దానమును హరించినవారికి శాపమును కనబడునే కాని, దానమందుకొన్నవారు దాతను గూర్చి యేమనుకొనిరో కనబడదు. ఆండ్రూ కార్నెగీ 1889లో ధనమును గూర్చి వ్రాసిన ప్రసిద్ధ వ్యాసమున, ధనికుడు తన సంపదకు ధర్మకర్త వంటివాడనియు, బీదలకేది మేలో వారికంటె అతడే చక్కగా నిర్ణయింపగలడనియు వాదించెను. 1913లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషనును, 1936లో ఫోర్డ్ ఫౌండేషనును ఏర్పడినవి. ఫోర్డ్ సంస్థ 1952లో ఢిల్లీలో కార్యాలయము తెరచి మన గ్రామాభివృద్ధి ప్రణాళికలకు తోడ్పడినది. అది నిపుణుల యుగము. దాతయింట కొలువున్న నిపుణుని మాటయే తుదిమాట. 1950ల నుండి అమెరికా కాంగ్రెసు నడపిన విచారణలును, 1961 నుండి టెక్సాస్ ప్రతినిధి రైట్ పాట్మన్ సాగించిన పోరును, తుదకు వెలువడిన 1969 పన్నుల సంస్కరణ చట్టమును దాతలను గట్టిగా కుదిపిన మాట నిజము. అయినను ఆ వ్యాజ్యములో వాది ప్రభుత్వము, ప్రతివాది దాత. గ్రహీతకు అందులో స్థానము లేదు.

ఆ స్థానము లభించినది 1973కును 1976కును మధ్య. ఈ మూడు నాలుగేండ్లనే నేటి చరిత్రకారులు ఒక వాక్యముతో దాటిపోవుదురు. 1969 చట్టపు దెబ్బ నుండి తేరుకొనుటకై మూడవ జాన్ డి. రాక్‌ఫెల్లర్ మొదలగువారి ప్రోద్బలముతో, ఏట్నా బీమా కంపెనీ అధిపతి జాన్ ఫైలర్ అధ్యక్షతన, ప్రైవేటు దాతృత్వమును ప్రజావసరములను పరిశీలించు కమిషన్ ఒకటి 1973లో ఏర్పడెను. పండితులచేత ఎనుబదికి పైగా పరిశోధన పత్రములు వ్రాయించిన ఆ కమిషన్, దాతలను గూర్చియు, పన్నులను గూర్చియు సమగ్రముగా విచారించినది. ధనమందుకొను చిన్న సంస్థలవారి మాట మాత్రము మొదట దాని దృష్టికి రాలేదు. అప్పుడు సెంటర్ ఫర్ కమ్యూనిటీ ఛేంజ్ అను సంస్థకు చెందిన పాబ్లో ఐసెన్‌బర్గ్ ప్రభృతులు పిలువని పేరంటముగా వచ్చి, దాతృత్వమును గూర్చిన విచారణలో గ్రహీత లేకుండుట యేమి న్యాయమని నిలదీసిరి. కమిషన్ వారిని త్రోసిపుచ్చలేదు. పైగా వారి విమర్శను వారే వ్రాసికొనుటకు తన నిధి నుండియే ధనమిచ్చినది. దాత సొమ్ముతో దాతపై విమర్శ వ్రాయించిన ఈ ఉదారత చరిత్రలో అరుదైనది, ప్రశంసింపదగినది.

‘డోనీ గ్రూప్’ అను పేర ప్రసిద్ధికెక్కిన ఈ వర్గము 1975లో సమర్పించిన నివేదిక, ప్రైవేటు దాతృత్వము సజీవమై నూతన మార్గములు తొక్కుచున్నదా, లేక నిశ్చేష్టమై అప్రస్తుతమైనదా అను ప్రశ్ననే తన శీర్షికగా ధరించినది. విశ్వవిద్యాలయములు, వైద్యశాలలు, కళాసంస్థలు మొదలైన స్థిరపడిన సంస్థలకే ధనము ప్రవహించుచున్నదనియు, బీదలు, అల్పసంఖ్యాకులు, స్త్రీలు నడపుకొను సంఘములు వాకిట నిలిచి యుండవలసి వచ్చుచున్నదనియు, దాతల నిర్ణయములు మూసిన తలుపుల వెనుక జరుగుచున్నవనియు, వారు ప్రజలకు జవాబుదారులు కావలెననియు ఆ నివేదిక సారాంశము. మరుసటి సంవత్సరమే ఆ వర్గము నుండి నేషనల్ కమిటీ ఫర్ రెస్పాన్సివ్ ఫిలాంత్రపీ అను శాశ్వత సంస్థ వెలసి, దాతల నడవడిని బయటినుండి పరిశీలించుటనే వ్రతముగా పెట్టుకొన్నది. 1980లో, పెద్ద ధర్మనిధులు తమను గూర్చి లోకమునకు ఎంత సమాచారము తెలుపుచున్నవో అది విమర్శించి చూపినది. 2014లోనైతే, ధర్మనిధుల ఆహ్వానముకై ఎదురుచూడక, వాటి గ్రహీతల అభిప్రాయములను కూడ చేర్చి మదింపులు ప్రకటింపసాగినది.

ఈ వాదమునకు ఆక్షేపణలు లేకపోలేదు. 1975నాటి వర్గములో నిజముగా గ్రాంటు పొందినవారికంటె పొందగోరి నిరాశ చెందినవారే యెక్కువయని అనవచ్చును. వారు దేనిని కొలువలేదు, అంకెలతో నిరూపింపలేదు. అంతేకాదు, 2001లో స్థాపితమైన కేంబ్రిడ్జి సంస్థకు నేరుగా పూర్వీకులు వీరు కారు. మైకేల్ పోర్టర్, మార్క్ క్రేమర్ అనువారు 1999లో హార్వర్డు వాణిజ్య పత్రికలో, దాతలు తాము నిజముగా విలువను సృష్టించుచున్నారో లేదో పరీక్షించుకొనవలెనని వ్రాసిన వ్యాసమునుండియే దాని పుట్టుక. వర్తకుడు ఖాతాదారుని తృప్తిని కొలుచు దృష్టియే దానికి తల్లి. ఈ వంశక్రమమును నేను కాదనను. నేను చెప్పునది వేరు: సాధనము వాణిజ్యవిద్యాలయమునుండి వచ్చినను, ఆ సాధనము కొలువవలసిన బాధను లోకమునకు ఎరుకపరచినవారు 1975నాటి అసంతృప్తులే.

దీనికి సాక్ష్యము ఆ కేంబ్రిడ్జి సంస్థ 2004లో ప్రకటించిన నివేదికలోనే కలదు. గ్రహీతలు దాతలో దేనిని విలువైనదిగా ఎంచుదురని వేలకొలది సంస్థలనడుగగా, గ్రాంటు పరిమాణమును మించి మూడు విషయములు పైకి తేలినవి: న్యాయముగా, సత్వరముగా, ఆదరముగా వ్యవహరించుట, తన లక్ష్యములను స్పష్టముగా తెలుపుట, తాను ధనమిచ్చు రంగమును ఎరిగి యుండుట. మొదటి రెండును 1975నాటి ఫిర్యాదులే. కోపము తగ్గినది, విషయము మారలేదు.

ఈ సర్వే నడచు విధమును కొంచెము దగ్గరగా చూడవలెను. ఉత్తరములు దాతకు నేరుగా పోవు. మధ్యనున్న సంస్థకు చేరి, పేర్లు గోప్యముగా నుండును. గ్రహీతలు ఒకటి మొదలు ఏడు వరకు మార్కులు వేయుదురు. ఐతే ధనమిచ్చినవానికి ఎవరు తక్కువ మార్కులు వేయుదురు? సహజముగానే సగటులన్నియు పై మెట్లలోనే గుమిగూడును. తనకు వచ్చిన సంఖ్యను మాత్రమే చూచుకొన్న దాత తృప్తితో నిద్రపోవును. అందుచేత ఆ సంస్థ ప్రతి దాతను ఇతర దాతల వరుసలో నిలిపి, ఈ విషయమున నీ స్థానము పైననా, అడుగుననా అని చూపినది. మర్యాద వెనుక దాగిన సత్యము ఈ పోలికతో బయటపడినది. ఈ పద్ధతి సాధించిన నిజమైన మేలు ఇదేయని నా తలంపు.

ఆ మేలు ఫలించిన సందర్భములును కలవు. ఒకే ధర్మనిధిలో ఒక ప్రోగ్రాం ఆఫీసరు క్రింద గ్రహీత పొందు అనుభవమునకును, మరియొకరి క్రింద పొందు దానికిని గల తేడా, ఒక నిధికిని వేరొక నిధికిని గల తేడాను మించినదని 2007లో తేలినది. అనగా గ్రహీత భాగ్యము తనకు తటస్థించిన అధికారిపై ఆధారపడి యున్నదన్నమాట. గేట్స్ ఫౌండేషన్ తన గ్రహీతల సర్వేలో పెక్కు విషయములందు ఇతరులకంటె తక్కువ స్థానమున నిలువగా, ఆనాటి ముఖ్యాధికారి జెఫ్ రైక్స్ 2010లో ఆ సంగతిని దాచక బహిరంగముగా ప్రకటించెను. మా లక్ష్యములు మీకు అర్థమగుటలేదు, మా నిర్ణయములు మిమ్ము తికమకపెట్టుచున్నవి, మా అధికారులు తరచు మారుటవలన మీకు శ్రమ పెరుగుచున్నది అని ఒప్పుకొని, దిద్దుబాటుకు పూనుకొనెను. కొత్త అధికారి వచ్చినప్పుడెల్ల తన కథను మొదటినుండి చెప్పుకొనవలసిన చిన్న సంస్థ కార్యదర్శికి ఆ ఒప్పుకోలు ఎంత ఊరటయో ఊహింపవచ్చును.

ఐనను నేటి స్థితిని చూచి నేను పూర్ణముగా సంతోషింపలేను. 1975నాటి ఫిర్యాదునకు రెండు ముఖములు కలవు: లోపలికి రానిచ్చినవారిని ఎట్లు చూచుచున్నారు, లోపలికి ఎవరిని రానిచ్చుటలేదు. సర్వే మొదటిదానిని స్వీకరించి రెండవదానిని దాదాపు విడిచిపెట్టినది. తిరస్కృతులైన దరఖాస్తుదారుల నడుగు ప్రశ్నావళి యొకటి ఉన్నమాట నిజమే కాని, దానికి ప్రధాన సర్వేకున్న ప్రచారము లేదు. మరియు సర్వేకు ధనమిచ్చి చేయించువాడు దాతయే. ఫలితము ప్రకటించుట, మానుట అతని ఇచ్ఛ. అన్నిటికంటె గంభీరమైన సంగతి వేరొకటి కలదు. గ్రహీతలకు నిజముగా ఉపకరించునది ఒక పథకమునకు కట్టుబడని, పలు సంవత్సరములపాటు సాగు, పెద్దమొత్తపు సహాయమని ఆ కేంబ్రిడ్జి సంస్థయే 2006లో తెలిపినది. 2020లో మరల పరిశీలింపగా, ముఖ్యాధికారులు ఆ సహాయము మంచిదేయని ఒప్పుకొనుచున్నను, దానిని పొందుచున్న గ్రహీతలు కొద్దిమందియేయని తేలినది. అదే యేట మహమ్మారి వేళ ఎనిమిది వందలకు పైగా దాతృత్వ సంస్థలు, నిబంధనలు సడలింతుము, భాగస్వాముల మాట విందుమని ప్రతిజ్ఞాపత్రమున చేవ్రాలు చేసినవి. ఆ సడలింపులలో కొన్ని నిలిచినవి కూడ. కాని విన్నదానికిని ఇచ్చినదానికిని గల దూరమును మర్యాదయొకటే పూడ్చజాలదు.

మన దేశమున ఈ ప్రశ్న ఇంకను బాల్యావస్థలోనే యున్నది. 2013 కంపెనీల చట్టముచే పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో కనీసము నూటికి రెండు వంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలసి వచ్చినది. 2021 నిబంధనలు పెద్ద పథకముల ఫలితములను స్వతంత్రముగా మదింపుచేయింపవలెనని విధించినవి. ఆ మదింపు పరీక్షించునది పథకమును, తద్ద్వారా దానిని నడపిన సంస్థను. ధనమిచ్చిన కంపెనీ ఎట్లు ప్రవర్తించినదో అడుగుమను నియమము లేదు. 2020లో విదేశీ విరాళముల చట్టమును సవరించి, అట్టి ధనమును ఒక సంస్థ మరియొక సంస్థకు పంచరాదని నిషేధించినందున, ఆంధ్ర తెలంగాణ పల్లెలలోని చిన్న సంఘములకును దూరపు దాతకును నడుమ నిలిచి మాటను చేరవేయగల మధ్యస్థ సంస్థల దారియు మూసుకొనిపోయినది.

కావున దాతలు గ్రహీతల నడుగుట మేలే, అడిగినదానిని ప్రకటించుట ఇంకను మేలు. కాని నేను కోరునది అంతకు మించినది: ప్రతి సర్వే వెంబడి, క్రిందటిసారి విన్నదానిలో దేనిని మార్చితిమి, దేనిని మార్చలేదు, ఏల మార్చలేదు అని దాత పేరు పేరున లోకమునకు చెప్పవలెను, తాను కాదన్నవారిని కూడ అదే శ్రద్ధతో అడుగవలెను. అర్ధశతాబ్ది క్రిందట ఒక కమిషన్ తనపై విమర్శకు తానే ధనమిచ్చుటకు సాహసించినది. అంతటి సాహసము నేటి ధర్మనిధులలో ఎక్కువగా కానరాదు. అది మరల కలిగిననాడే ఈ సర్వేలు తమ పేరునకు తగిన ఫలమిచ్చును.